కూర్చుంటే 97, నడిస్తే ఆయాసం: తీవ్రమైన వైరల్ జబ్బు తర్వాత ఊపిరి కూడదీసుకోవడం ఎలా

డిశ్చార్జ్ రోజు నాన్న వేలికి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మీటర్) పెట్టి చూసి "97 ఉంది, ఇంకేం భయం లేదు" అంది నర్సు. ఇంటికొచ్చాక మంచం దిగి బాత్రూమ్ దాకా, పట్టుమని పన్నెండు అడుగులు కూడా ఉండవు, వెళ్లి తలుపు పట్టుకుని నిలబడిపోయారు. మాట రావడం లేదు. పరుగున వెళ్లి వేలికి మీటర్ పెడితే 89. కూర్చోబెట్టిన రెండు నిమిషాలకి మళ్లీ 96. మీటర్ పాడైందనుకుని కొత్తది కూడా తెప్పించాను. మీటర్‌కి ఏ రోగమూ లేదు, మేం చూస్తున్న వేళే తప్పు.

కొవిడ్ కానీ తీవ్రమైన ఫ్లూ కానీ, వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా చేసి, ఆక్సిజన్ మీదో వెంటిలేటర్ మీదో కొన్నాళ్లుండి బయటపడ్డవాళ్లకి చాలామందికి ఇదే కథ. మీరే ఆ మనిషైనా, ఆ మనిషిని చూసుకుంటున్నా, ఇంట్లో ఏం చేయాలో, డాక్టర్ దగ్గర ఏం అడగాలో రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. నాన్న వెంట పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) చుట్టూ, ఫిజియోథెరపిస్ట్ చుట్టూ తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నవి ఇవి.

ముందు ఒక మాట. కదలకుండా కూర్చున్నప్పుడే 92 కంటే తక్కువ చూపిస్తున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా, దగ్గితే రక్తం పడుతున్నా, పెదాలు నీలంగా మారినా, మనిషి మాట తడబడుతూ అయోమయంగా ఉన్నా ఇది చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి. ఈ జబ్బుల తర్వాత ఊపిరితిత్తుల్లోకి రక్తం గడ్డ వెళ్లి అడ్డుపడే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ, దానికి ఇంట్లో వైద్యం లేదు. ముందు నుంచే సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) లాంటి జబ్బు ఉన్నవాళ్లకి మామూలు నంబరే తక్కువగా ఉండొచ్చు, వాళ్లకి ఎంత ఉంటే సరిపోతుందో డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి.

అసలు లోపల ఏమైంది

ఇది అర్థమైతే మిగతావన్నీ ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది, లేకపోతే నాలుగు రోజులు చేసి వదిలేస్తాం. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గాలి తిత్తులు ముప్పై కోట్లకి పైనే ఉంటాయి. వాటి గోడ మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు, ఆ గోడకి అవతల పక్కన రక్తం పారుతుంటుంది, ఆక్సిజన్ ఆ గోడ దాటి రక్తంలోకి చేరాలి. వైరస్ దెబ్బకి ఆ గోడ వాచిపోతుంది, కొన్నిచోట్ల మచ్చ కడుతుంది, చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలూ దెబ్బతింటాయి.

ఇక కూర్చుంటే బాగున్న నంబర్ నడిస్తే ఎందుకు పడిపోతుందంటే, మనం కదలకుండా ఉన్నప్పుడు రక్తం ఆ తిత్తుల పక్కన సుమారు ముప్పావు సెకను ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న గోడ దాటడానికి ఆక్సిజన్‌కి పావు సెకను చాలు. అంటే కావలసినదానికి మూడింతల సమయం చేతిలో ఉందన్నమాట, గోడ కాస్త మందమైనా ఆ మిగులు సమయం కాపాడేస్తుంది. నడిచారనుకోండి, గుండె వేగం పెరిగి రక్తం ఆ చోటు నుంచి గబగబా వెళ్లిపోతుంది, మందమైన గోడ దాటడానికి ఆక్సిజన్‌కి టైమ్ చాలదు. పన్నెండు అడుగులకే నాన్న నంబర్ పడిపోవడంలో పెద్ద పాత్ర దీనిదే.

2003లో సార్స్, 2009లో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ), తర్వాత కొవిడ్, మూడింటిలోనూ తీవ్రంగా జబ్బుపడి కోలుకున్నవాళ్లకి పరీక్షలు చేస్తే ఎక్కువగా కనిపించిన లోపం ఇదే. గాలి లోపలికీ బయటికీ బాగానే వెళ్తుంది, గోడ దాటడంలోనే ఇబ్బంది. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే చాలామందికి ఇది తగ్గుతుంది. మొదటి ఆరు నెలల్లో బాగా, ఆ తర్వాత నెమ్మదిగా ఏడాది దాకా. వారాలు కాదు, నెలలు లెక్క పెట్టుకోండి.

మొదటి పని: కదిలినప్పుడు కొలవండి

గోళ్లకి రంగు ఉంటే తీసేయండి, చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. మధ్య వేలికో చూపుడు వేలికో పెట్టి, చేతిని ఒళ్లో ఆనించి, నంబర్ నిలకడగా ఉండేదాకా కనీసం నిమిషం ఆగండి, పెట్టగానే కనిపించేదాన్ని నమ్మొద్దు. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకి ఈ మీటర్లు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని గుర్తుంచుకోండి, అందుకే అంచున ఉన్న నంబర్‌ని చూసి ధీమాగా ఉండొద్దు.

ఇప్పుడు పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి వేసి అందులో కూర్చోండి. ఒక నిమిషం పాటు, చేతులతో ఊతం తీసుకోకుండా, లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం, మీకు వీలైన వేగంతో. ఎన్నిసార్లు చేశారో పక్కవాళ్లు లెక్కపెట్టాలి. అయిపోగానే మీటర్ తీసేయకండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. వేలి దగ్గర నంబర్ ఆలస్యంగా మారుతుంది, అందుకే చాలాసార్లు అన్నిటికంటే తక్కువ నంబర్ పరీక్ష అయిపోయాకే కనిపిస్తుంది. కూర్చున్నాక ఇంకో నిమిషం పైగా చూస్తూ ఉండండి, అందులో తక్కువది రాసుకోండి.

మొదలుపెట్టినదానికంటే 3 పాయింట్లు, అంతకు మించి పడితే డాక్టర్‌కి చెప్పాలి. 90 కంటే దిగితే నిమిషం పూర్తికాకపోయినా అక్కడే ఆపి, కూర్చుని, అదే రోజు ఫోన్ చేయాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఇది చేయొద్దు. కూర్చున్నప్పుడే నంబర్ తక్కువగా ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, లేస్తే కళ్లు తిరిగేవాళ్లు దీన్ని ఇంట్లో అసలు ప్రయత్నించొద్దు, ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంటుంది, అక్కడ మనుషులు పక్కనే ఉంటారు.

రోజూ చేయక్కర్లేదు. వారానికి ఒకసారి, ఒకే వేళకి చాలు. నాన్న మొదట్లో గంటకోసారి వేలికి పెట్టుకుని చూసుకునేవారు, 95 వస్తే 96 ఎందుకు రాలేదని టెన్షన్, ఆ టెన్షన్‌కి ఇంకాస్త ఆయాసం. చివరికి మీటర్‌ని అమ్మ తన బీరువాలో పెట్టేసింది.

రెండో పని: నోట్‌బుక్

ఫోన్లో కంటే కాగితం మీద రాయడం మేలు, డాక్టర్ ముందు పెడితే ఒక్క చూపులో చూస్తారు. తేదీ, కూర్చున్నప్పటి నంబర్, కదిలాక వచ్చిన తక్కువ నంబర్, నాడి, ఆయాసం 0 నుంచి 10లో ఎంత. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఇక భరించలేను. పక్కన ఒక వాక్యం, ఏం చేస్తుంటే వచ్చింది అని. "తల దువ్వుకుంటుంటే 5" అని రాసి ఉంది మా నోట్‌బుక్‌లో ఒకచోట. చేతులు పైకెత్తి చేసే పనుల్లో ఆయాసం ఎక్కువ వస్తుందని మాకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే ఊపిరికి సాయపడే మెడ, భుజాల కండరాలు అప్పుడు ఆ చేతుల పనిలో ఉంటాయి. అప్పటినుంచి కూర్చుని, మోచేతులు బల్ల మీద ఆనించి దువ్వుకున్నారు.

మూడో పని: ఆయాసం వచ్చిన క్షణంలో

నిటారుగా నిలబడి గుటకలు వేసినట్టు గాలి పీల్చుకోవడం అందరం చేసే తప్పు. కూర్చోండి, ముందుకి వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. కూర్చునే చోటు లేకపోతే గోడకి వీపు ఆనించి, పాదాలు గోడకి ఒక అడుగు దూరంలో పెట్టి, చేతులు తొడల మీద పెట్టుకోండి. ముక్కుతో మెల్లగా పీల్చి, దీపం ఆర్పకుండా దాని మంటని మాత్రం ఊగించేలా పెదాలు సున్నా చుట్టి నెమ్మదిగా వదలండి. పీల్చడానికి రెండు లెక్కపెడితే వదలడానికి నాలుగు. లోపలికి ఎంత పీలుస్తున్నామని కాదు, వదలడం ఎంత పొడుగ్గా ఉంటే అంత మంచిది. భుజాలు పైకి లేస్తున్నాయేమో ఎవరినైనా చూడమనండి, లేవకూడదు, కదలాల్సింది పొట్ట.

చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ ఉంటే ముఖానికి దగ్గరగా, ముక్కు, బుగ్గలు, పై పెదవి మీద గాలి తగిలేలా పెట్టుకోండి. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ ముఖం మీద గాలి తగిలితే ఊపిరాడటం లేదన్న భావన తగ్గుతుంది. నంబర్ పెరగదు, మనసు కుదుటపడుతుంది, అది తక్కువేమీ కాదు.

మెట్లు ఎక్కాలంటే, వంగాలంటే, బరువు ఎత్తాలంటే, కష్టమైన క్షణంలో గాలి వదలండి. చాలామంది సరిగ్గా అప్పుడే ఊపిరి బిగబడతారు.

నాలుగో పని: ఆ మూడు బంతుల డబ్బా

ఆసుపత్రి నుంచి వస్తూ ఒక ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు, మూడు గదుల్లో మూడు బంతులు, ఒక గొట్టం. నాన్న పది రోజులు దాన్ని బుడగ ఊదినట్టు ఊదారు. బంతులు కదలడం లేదని బాధపడ్డారు, తన ఊపిరితిత్తులు అంత పాడైపోయాయేమోనని. ఇచ్చినప్పుడు ఎవరూ ఎలా వాడాలో చూపించలేదు, మేమూ అడగలేదు. అది ఊదేది కాదు, పీల్చేది.

ముందు గాలి మామూలుగా బయటికి వదిలేయండి. గొట్టం చివర పెదాలతో గట్టిగా మూసి, నెమ్మదిగా లోపలికి పీల్చండి. మొదటి బంతి లేచి అక్కడే నిలవాలి, వీలైతే రెండోది. మూడూ ఒక్కసారి టప్పున లేచి టప్పున పడటం పహిల్వానీ, దానివల్ల ఉపయోగం లేదు. మూడు సెకన్లు బంతిని గాల్లో నిలిపి, గొట్టం తీసేసి, మెల్లగా వదిలి, రెండు మామూలు ఊపిరులు తీసుకుని మళ్లీ. ఒక విడతకి ఐదు నుంచి పది, కళ్లు తిరిగినట్టు ఉంటే ఆపేయాలి. గొట్టం మూతిని రోజూ కడిగి ఆరబెట్టండి, ఇంకొకరితో పంచుకోవద్దు. అయితే దీనితో మచ్చ కట్టిన ఊపిరితిత్తి కొత్తదైపోదు. లోతుగా పీల్చడం మర్చిపోయిన మనిషికి ఇది గుర్తు చేస్తుంది, అంతవరకే. దీన్ని చేసేశాం కదా అని నడక మానేయడం మాత్రం పొరపాటు.

ఐదో పని, అసలైనది: నడక

ఐసీయూలో పది రోజులున్నవాళ్ల తొడ కండరాన్ని కొలిచి చూస్తే ఆరో వంతు దాకా తగ్గిపోయినట్టు తేలింది. బలం లేని కండరం చిన్న పనికే ఎక్కువ శ్రమపడుతుంది, ఎక్కువ గాలి అడుగుతుంది. అంటే ఊపిరితిత్తులు మానుతున్నా కాళ్లు ఆయాసం తెప్పిస్తాయి. కాళ్లని బాగుచేసుకోవడం మన చేతిలో ఉంది, అందుకే నేను దీన్నే గట్టిగా చెప్తాను.

ఇంట్లోనే మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. ఒకేసారి అరగంట వద్దు. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, రెండు మాటలకోసారి ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. ఆయాసం 10లో 3, 4 దగ్గర ఉంటే సరైన వేగం, 6 దాటితే ఆపండి. ఆగిన కొద్ది నిమిషాల్లో ఊపిరి కుదురుకోవాలి. మూడు నాలుగు రోజులు అదే తేలిగ్గా అనిపిస్తే ఒకటి రెండు నిమిషాలు పెంచండి. దానికి తోడు రోజు విడిచి రోజు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదారుసార్లు, గోడని చేతులతో తోయడం, మడమలు పైకెత్తి దించడం. దగ్గర్లో పల్మనరీ రీహాబిలిటేషన్ దొరికితే ఆలోచించకుండా చేరండి, మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు ఉంటుంది, నంబర్ చూస్తూ మనిషికి తగ్గట్టు వ్యాయామం పెంచుతారు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, జాగ్రత్తగా చదవండి. కొందరికి ఆ రోజు నడిచినప్పుడు బాగానే ఉంటుంది, మర్నాడో ఆ మర్నాడో ఒళ్లు విరిచేసినట్టై, తల మొద్దుబారి, రెండు మూడు రోజులు మంచం దిగలేరు. అది బద్ధకం కాదు, ఫిట్‌నెస్ లేకపోవడమూ కాదు. అలాంటివాళ్లు కొద్ది కొద్దిగా పెంచుకుంటూ పోతే మేలు కంటే కీడే జరుగుతుంది. పెంచడం ఆపి, ఏ పనికి ఇలా కూలబడుతున్నారో నోట్‌బుక్‌లో చూసి, ఆ గీతకి ఇవతలే ఉండి, డాక్టర్‌తో మాట్లాడండి. "కాస్త గట్టిగా ప్రయత్నించు, అదే పోతుంది" అనే చుట్టాలని పట్టించుకోకండి.

ఆరో పని: ఏ పరీక్ష, ఎప్పుడు

తీవ్రమైన న్యుమోనియా అయితే డిశ్చార్జ్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో ఒకసారి డాక్టర్‌కి కనిపించాలి, సుమారు పన్నెండు వారాలకి ఎక్స్‌రే తీయించాలి. అప్పటికీ ఎక్స్‌రే తేటపడకపోయినా, ఆయాసం ఉన్నా పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్షలు), అవసరమైతే సీటీ స్కాన్.

పీఎఫ్‌టీ అనగానే చాలాచోట్ల స్పైరోమెట్రీ ఒక్కటే చేసి పంపేస్తారు. గట్టిగా ఆరు సెకన్లు ఊదే పరీక్ష అది, గాలి ఎంత వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది అని చెప్తుంది. గోడ దాటడం గురించి చెప్పదు. మనకి కావలసింది డీఎల్‌సీఓ. అతి కొద్ది కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలి పీల్చి, పది సెకన్లు బిగబట్టి వదలాలి, ఎంత లోపలే ఉండిపోయిందో లెక్కకడతారు. ఆ మోతాదు హాని చేయదు. కాబట్టి "స్పైరోమెట్రీ నార్మల్, ఇక ఇదంతా మీ మనసులోనే" అని ఎవరైనా అంటే "డీఎల్‌సీఓ చేశారా అండీ" అని మర్యాదగా అడగండి. రక్తహీనత ఉంటే కూడా ఈ నంబర్ తక్కువ వస్తుంది, అందుకే హిమోగ్లోబిన్ రిపోర్ట్ వెంట తీసుకెళ్లండి.

సీటీ రిపోర్టులో "ఫైబ్రోసిస్" (మచ్చ కట్టడం) అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోకండి. మొదటి నెలల్లో అలా కనిపించిన గీతలు, మసకలు చాలామందికి తర్వాతి స్కాన్‌లో పలచబడతాయి. అది నిజంగా మిగిలే మచ్చా, మానుతున్న వాపా అన్నది తేలాలంటే రెండు స్కాన్‌లు పక్కపక్కన పెట్టి చూడాలి, కాబట్టి పాత సీడీ పారేయొద్దు.

అన్నీ బాగున్నా ఆయాసం ఉంటే

అప్పుడు వెతకాల్సింది ఊపిరితిత్తుల బయట. గుండె కండరం దెబ్బతిందేమో చూడటానికి ఎకో, అంటే గుండె స్కాన్. రక్తహీనత. నిలబడగానే గుండె దడదడలాడి, పది నిమిషాల్లోపు నాడి ముందున్నదానికంటే 30కి పైగా పెరుగుతోందా అన్నది ఇంట్లోనే గమనించి చెప్పొచ్చు. మాటిమాటికీ నిట్టూర్పులు, ఆవలింతలు, వేళ్ల చివర తిమ్మిరి ఉంటే ఊపిరి తీసే లయే తప్పి ఉండొచ్చు, జబ్బు సమయంలో భయంతో అలవాటైన వేగం అలాగే ఉండిపోతుంది, ఫిజియోథెరపిస్ట్ దాన్ని మళ్లీ నేర్పిస్తారు.

ఇంకొకటి, అరుదే కానీ చెప్పి తీరాలి. వెంటిలేటర్ గొట్టం వేసినవాళ్లకి కొన్ని వారాల తర్వాత శ్వాసనాళం ఆ గొట్టం ఒరిసిన చోట ఇరుకవ్వచ్చు. గాలి పీల్చేటప్పుడు గొంతు దగ్గర ఈల లాంటి చప్పుడు వస్తుంది. దాన్ని ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ మీద ఇన్‌హేలర్ మారుస్తూ కూర్చుంటారు, తగ్గదు. "నాకు గొట్టం వేశారు" అని కొత్త డాక్టర్‌కి మీరే ముందు చెప్పండి, ఫైలు చూస్తారులే అనుకోవద్దు.

మందులు, ఆక్సిజన్

డిశ్చార్జ్ చీటీలో స్టెరాయిడ్ ఉంటే ఎన్ని రోజులు, ఎలా తగ్గించుకుంటూ రావాలి అన్నది కచ్చితంగా రాయించుకోండి. వారాల తరబడి వాడినదాన్ని ఒక్కసారి ఆపడం ప్రమాదం, మిగిలిపోయిన పాత స్ట్రిప్ చూసి మళ్లీ ఆయాసం వచ్చిందని సొంతంగా మొదలుపెట్టడం ఇంకో ప్రమాదం. షుగర్ ఉన్నా లేకున్నా ఆ రోజుల్లో షుగర్ చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు కూడా చెప్పినన్ని రోజులే.

ఇంటికి కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) రాసిస్తే ఎన్ని లీటర్లు రాస్తే అన్నే, ఎక్కువ పెడితే త్వరగా మానదు. కూర్చున్నప్పుడు ఎంత, నడిచేటప్పుడు ఎంత, నిద్రలో ఎంత అని మూడూ విడివిడిగా అడగండి. సిగరెట్, స్టవ్ మంట, దీపం దరిదాపుల్లో ఉండకూడదు, ముక్కు ఎండిపోతోందని వాజలైన్ రాయొద్దు, నీటితో చేసిన జెల్ వాడండి. ఫిల్టర్ వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి. గొట్టం నేల మీద పాములా పడుంటుంది, మా ఇంట్లో దానికి తట్టుకుని పడబోయింది పేషెంట్ కాదు, నేను. తగ్గించేటప్పుడు కూడా "అలవాటు చేసుకుంటాను" అని మీరే తీసేయకుండా, నోట్‌బుక్ నంబర్లు డాక్టర్‌కి చూపించి ఒక్కో మెట్టు దిగండి. ముందు మామూలుగా కూర్చున్నప్పటిది, నడకప్పటిది ఆఖర్న.

నాన్నకి నడకప్పటి ఆక్సిజన్ ఆపింది ఐదో నెలలో. ఆ వారం నోట్‌బుక్‌లో "మెట్లు, ఒక అంతస్తు, మధ్యలో ఒకసారి ఆగాను, 94, ఆయాసం 3" అని ఆయన చేత్తోనే రాసుకున్నారు. ఆ తర్వాత రెండు పేజీలు ఉన్నాయి, ఆపైన ఖాళీ.